ఎర్రర్లు సున్నా, అయినా బ్యాకప్ తప్పే: జెడ్‌ఎఫ్‌ఎస్ స్నాప్‌షాట్లలో దాగిన లోపం, దాన్ని సరిచేసే దారి

2016లో, డిస్కు మీద ఫైళ్లను భద్రపరిచే జెడ్‌ఎఫ్‌ఎస్ అనే ఫైల్ సిస్టమ్ వాడేవాళ్లకు ఒక చేదు నిజం తెలిసింది. బ్యాకప్ సర్వర్‌లో ఉన్న కొన్ని ఫైళ్లు అసలు సర్వర్‌లోని ఫైళ్లతో సరిపోలడం లేదు. పేరు అదే, సైజు అదే, తేదీ అదే. లోపల మాత్రం కొన్ని చోట్ల బైట్లు వేరు. డిస్కులు బాగానే ఉన్నాయి. నెట్‌వర్క్ బాగానే ఉంది. ర్యామ్‌లో తేడా లేదు. రెండు వైపులా స్క్రబ్ నడిపితే, అంటే డిస్కు మీదున్న ప్రతి బ్లాకునూ (డేటా ముక్కనూ) చదివి చెక్‌సమ్ (ఆ డేటా నుంచి లెక్కకట్టి దాచిన గుర్తు సంఖ్య) సరిచూస్తే, ఎర్రర్లు సున్నా అని వచ్చింది. తప్పు ఎక్కడుందంటే, స్నాప్‌షాట్‌ను, అంటే ఒక క్షణంలో డేటా ఎలా ఉందో అలాగే పట్టి ఉంచిన రూపాన్ని, ఒక మెషీన్ నుంచి ఇంకో మెషీన్‌కు పంపే కోడ్‌లోనే ఉంది. దీనికి హోల్ బర్త్ బగ్ అని పేరు పడింది.

ఈ బగ్‌ను సరిచేసి చాలా ఏళ్లయింది. కానీ బగ్ పోయినంత మాత్రాన దానివల్ల పాడైన బ్యాకప్‌లు బాగుపడవు. ఆ రోజుల్లో మొదలుపెట్టిన బ్యాకప్ మీదే ఇప్పటికీ రోజూ కొత్త మార్పులు పేర్చుకుంటూ పోతున్న సర్వర్లు ఉండే అవకాశం ఉంది. అంతకన్నా ముఖ్యం, ఈ తరహా లోపం మళ్లీ ఎప్పుడైనా, ఏ సిస్టమ్‌లోనైనా రావచ్చు. వచ్చినప్పుడు చాలామంది మొదట చేసే పనులు మూడు: స్క్రబ్ నడపడం, డిస్క్ మార్చడం, బ్యాకప్ జాబ్‌ను మళ్లీ ఒకసారి రన్ చేయడం. ఇక్కడ ఈ మూడూ పనికిరావు. ఎందుకు పనికిరావో తెలియాలంటే స్నాప్‌షాట్ లోపల ఏం జరుగుతుందో కొంచెం ఓపిగ్గా చూడాలి.

స్నాప్‌షాట్ అంత తేలిగ్గా ఎలా వస్తుంది

జెడ్‌ఎఫ్‌ఎస్‌ను సన్ మైక్రోసిస్టమ్స్‌లో జెఫ్ బోన్‌విక్, మాథ్యూ ఆరెన్స్ 2001లో మొదలుపెట్టారు. 2005లో దాని సోర్స్ కోడ్ ఓపెన్‌సొలారిస్‌తో పాటు బయటికి వచ్చింది. ఆ తర్వాత అది ఇల్యూమోస్, ఫ్రీబీఎస్‌డీ, లైనక్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌లకు పాకింది. 2013 నుంచి ఈ పనులన్నిటినీ కలిపే గొడుగుగా ఓపెన్‌జెడ్‌ఎఫ్‌ఎస్ ప్రాజెక్టు ఉంది.

దీని మూలసూత్రం ఒక్కటే: ఉన్న బ్లాకు మీద ఎప్పుడూ తిరగరాయదు. ఫైల్లో ఒక ముక్క మారితే ఆ ముక్కను ఖాళీ జాగాలో కొత్తగా రాస్తుంది. పాత ముక్కను చూపించే పాయింటర్‌ను కూడా కొత్తగా రాస్తుంది, ఆ పాయింటర్‌ను చూపించే పై పాయింటర్‌నూ కొత్తగా రాస్తుంది, అలా చెట్టు వేరు దాకా. పాత బ్లాకులు వెంటనే చెరిగిపోవు. వాటిని వదిలేయకుండా పట్టి ఉంచితే అదే స్నాప్‌షాట్. అందుకే ఎన్ని టెరాబైట్ల డేటా ఉన్నా స్నాప్‌షాట్ క్షణంలో అయిపోతుంది. కాపీ చేసేది ఏమీ లేదు కాబట్టి.

ప్రతి పాయింటర్‌లో రెండు ముఖ్యమైన విషయాలు ఉంటాయి. ఒకటి, కింది బ్లాకు చెక్‌సమ్. రెండోది, ఆ బ్లాకు పుట్టిన నంబరు. జెడ్‌ఎఫ్‌ఎస్ రాతలన్నిటినీ కొన్ని సెకన్లకొకసారి ఒక గుంపుగా డిస్కుకు ఎక్కిస్తుంది. ప్రతి గుంపుకూ ఒక వరుస నంబరు ఉంటుంది. బ్లాకు ఏ గుంపులో రాశారో ఆ నంబరే దాని జన్మ నంబరు.

ఇంక్రిమెంటల్ బ్యాకప్, అంటే కిందటిసారి నుంచి మారినవి మాత్రమే పంపే బ్యాకప్, మొత్తం ఈ జన్మ నంబరు మీదే నడుస్తుంది. సోమవారం స్నాప్‌షాట్‌కూ మంగళవారం స్నాప్‌షాట్‌కూ మధ్య ఏం మారిందని అడిగితే, జెడ్‌ఎఫ్‌ఎస్ ఒక్కో ఫైలునూ తెరిచి చూడదు. చెట్టు పైనుంచి దిగుతూ, ఒక కొమ్మ జన్మ నంబరు సోమవారం స్నాప్‌షాట్ కంటే ముందుదైతే ఆ కొమ్మను మొత్తంగా వదిలేస్తుంది. కింద లక్ష ఫైళ్లున్నా సరే. ఫైళ్లను కాపీ చేసే ఆర్‌సింక్ లాంటి టూల్ గంటల కొద్దీ ఫైళ్ల జాబితా తిరగేసే చోట ఇది సెకన్లలో పని మొదలుపెడుతుంది.

వేగం అక్కడి నుంచే వచ్చింది. రిస్కు కూడా అక్కడే ఉంది. జన్మ నంబరు తప్పుగా ఉంటే పంపాల్సింది పంపరు. పంపలేదన్న సంగతి ఎవరికీ తెలియదు.

ఖాళీ జాగాకు పుట్టినరోజు

ఫైల్లో రాయని చోట్లు కూడా ఉంటాయి. వర్చువల్ మెషీన్ (కంప్యూటర్ లోపల సాఫ్ట్‌వేర్‌తో నడిచే మరో కంప్యూటర్) కోసం 100 జీబీ డిస్క్ ఇమేజ్, అంటే దాని డిస్కుగా పనిచేసే ఒక పెద్ద ఫైలు, తయారుచేశారనుకోండి. అందులో నిజంగా రాసింది 8 జీబీనే కావచ్చు. మిగతా 92 జీబీకి డిస్కు మీద జాగా కేటాయించరు. ఎవరైనా చదివితే సున్నాలు ఇస్తారు, అంతే. ఇలాంటి ఖాళీని హోల్ అంటారు, ఇలాంటి ఫైలును స్పార్స్ ఫైల్ అంటారు. జెడ్‌ఎఫ్‌ఎస్‌లో కంప్రెషన్ ఆన్‌లో ఉంటే, మొత్తం సున్నాలే ఉన్న బ్లాకును కూడా హోల్‌గానే మార్చేస్తుంది. కాబట్టి స్పార్స్ ఫైల్ కావాలని తయారుచేసుకోకపోయినా మీ డేటాలో హోల్స్ ఉండొచ్చు.

మొదట్లో హోల్‌కు జన్మ నంబరు ఉండేది కాదు. పాయింటర్ మొత్తం సున్నాలే. ఈ హోల్ కొత్తదో పాతదో తెలిసే వీలు లేదు కాబట్టి, ఇంక్రిమెంటల్ పంపేటప్పుడు కనిపించిన ప్రతి హోల్ గురించీ ‘ఇక్కడ ఖాళీ’ అని అవతలి వైపుకు చెప్పేవాళ్లు. పెద్ద పెద్ద స్పార్స్ ఫైళ్లున్న చోట ఇది వృథా శ్రమ. అందుకే హోల్‌కు కూడా జన్మ నంబరు రాసే సదుపాయం తెచ్చారు. పాత హోల్ అని తెలిస్తే ఇక చెప్పక్కర్లేదు. ఆలోచన మంచిదే. చిక్కు ఎక్కడొచ్చిందంటే, కొన్ని హోల్స్ కొత్తగా పుట్టినా వాటి జన్మ నంబరు సున్నాగానే ఉండిపోయింది.

దీన్ని దగ్గరగా చూద్దాం. ఈ ఉదాహరణలోని అంకెలు నేను ఊహించినవి, జరిగే తీరు మాత్రం అసలు బగ్‌దే.

జెడ్‌ఎఫ్‌ఎస్ ప్రతి ఫైలుకూ లోపల ఒక ఆబ్జెక్ట్ నంబరు ఇస్తుంది. సోమవారం ఒక వీడియో ఫైలు ఉంది, దాని నంబరు 500. పది బ్లాకులు, పదింటిలోనూ డేటా ఉంది. స్నాప్‌షాట్ తీసి మొత్తం బ్యాకప్ సర్వర్‌కు పంపారు. రెండు వైపులా ఒకటే.

మంగళవారం ఆ వీడియోను డిలీట్ చేశారు. 500 అనే నంబరు ఖాళీ అయింది. కాసేపటికి ఒక వర్చువల్ మెషీన్ డిస్క్ ఇమేజ్ తయారైంది, దానికి మళ్లీ అదే 500 వచ్చింది. ఈ కొత్త ఫైల్లో ఒకటో బ్లాకు, రెండో బ్లాకు, పదో బ్లాకు మాత్రమే రాశారు. మూడు నుంచి తొమ్మిది దాకా ఎవరూ ఏమీ రాయలేదు. అవి హోల్స్. వాటి జన్మ నంబరు సున్నా.

రాత్రి స్నాప్‌షాట్ తీసి, సోమవారంతో పోల్చి ఇంక్రిమెంటల్ పంపారు. పంపే వైపు కోడ్ చూసింది: ఒకటి, రెండు, పది బ్లాకులు సోమవారం తర్వాత పుట్టినవి, కాబట్టి పంపాలి. మూడు నుంచి తొమ్మిది దాకా ఉన్నవి సున్నాలో పుట్టాయి. సున్నా సోమవారం కంటే ముందుది. అంటే పాతవి, అవతల ఎలాగూ ఉంటాయి, వదిలేయి.

అందుకునే వైపు ఏమైంది? ఆబ్జెక్ట్ 500కి కొత్త వివరాలు వచ్చాయి. కొత్త సైజు, కొత్త తేదీ రాసుకుంది. వచ్చిన మూడు బ్లాకులూ రాసుకుంది. మిగతా ఏడింటి గురించి ఎవరూ ఏమీ చెప్పలేదు. అక్కడ సోమవారం వీడియో ముక్కలు ఉన్నాయి. అవి అలాగే ఉండిపోయాయి.

ఇప్పుడు బ్యాకప్‌లోని డిస్క్ ఇమేజ్‌ను తెరిస్తే, సున్నాలు ఉండాల్సిన చోట డిలీట్ చేసిన వీడియో ముక్కలు వస్తాయి. ఇది ఫైలు పాడవడంతో ఆగే విషయం కాదు. ఒకరి ఫైలు డిలీట్ చేశాక అందులోని డేటా మరొకరి ఫైల్లో తేలుతోంది. ఒకే సర్వర్ మీద పలువురు క్లయింట్ల డేటా ఉంచే సంస్థలకు ఇది గోప్యత సమస్య కూడా. రిస్టోర్ చేసిన ఇమేజ్‌ను ఒక క్లయింటుకు అప్పగిస్తే, అందులో ఇంకో క్లయింటు కాగితాల ముక్కలు ఉండొచ్చు. ఈ బగ్ గురించి మాట్లాడేటప్పుడు ఈ కోణాన్ని చాలామంది పట్టించుకోలేదని నాకనిపిస్తుంది.

ఇల్యూమోస్‌లో ఈ లోపాన్ని 6370 నంబరు కింద నమోదు చేసి సరిచేశారు. మామూలు డిస్కులా కనిపించే జెడ్‌వోల్ అనే బ్లాక్ డివైజ్‌లకు ఈ రూపంలో ప్రమాదం లేదు, ఎందుకంటే అక్కడ ఆబ్జెక్ట్ నంబర్లు ఖాళీ అవడం, మళ్లీ వాడడం జరగదు. అంతటితో అయిపోయిందనుకుంటే కాలేదు. హోల్ జన్మ నంబరు పోగొట్టుకునే దారులు ఇంకా ఉన్నాయని బయటపడింది. 6513, 7176 అనే నంబర్లతో ఆ దిద్దుబాట్లు వచ్చాయి. చివరికి లైనక్స్ వైపు డెవలపర్లు 0.6.5.8, 0.7.0 వెర్షన్ల నుంచి ఒక నిర్ణయం తీసుకున్నారు: పంపేటప్పుడు హోల్ జన్మ నంబరును అసలు నమ్మొద్దు, అన్ని హోల్స్ గురించీ చెప్పేయాలి. ఆ సెట్టింగ్ ఇప్పటికీ డిఫాల్ట్‌గా అలాగే ఉంది. కొంచెం నెమ్మదైనా పర్వాలేదు, బ్యాకప్ నిజమైతే చాలు అన్న ఈ ఎంపిక నూటికి నూరుపాళ్లు సరైనదని నా అభిప్రాయం. బ్యాకప్ కోడ్‌లో వేగం కోసం తీసుకునే ప్రతి చొరవనూ ఈ గీటురాయి మీదే చూడాలి.

చెక్‌సమ్ దేనికి సాక్ష్యం

జెడ్‌ఎఫ్‌ఎస్ అంటే డేటా పాడవదు అన్న నమ్మకం చాలామందిలో ఉంది. ఆ నమ్మకానికి కారణం చెక్‌సమ్. కానీ ఆ చెక్‌సమ్ ఎవరు వేశారు? అందుకున్న మెషీన్ వేసింది. దేని మీద వేసింది? తన దగ్గర ఉన్నదాని మీద. కవరు సీలు చెక్కుచెదరలేదంటే మధ్యలో ఎవరూ విప్పలేదని మాత్రమే అర్థం. లోపల పెట్టాల్సిన కాగితం పెట్టారా లేదా అన్నది సీలు చెప్పదు.

మన ఉదాహరణలో వీడియో ముక్కలు సోమవారం సరిగ్గా వచ్చాయి, వాటికి సరైన చెక్‌సమ్ ఉంది. మంగళవారం వచ్చిన మూడు బ్లాకులకూ సరైన చెక్‌సమ్ ఉంది. అందుకే స్క్రబ్‌కు తప్పు కనపడదు. డేటాను పలు డిస్కుల్లో కాపాడే మిర్రర్ పెట్టుకున్నా, రెయిడ్-జెడ్ పెట్టుకున్నా తేడా లేదు. అన్ని డిస్కుల్లోనూ అదే తప్పు డేటా పదిలంగా ఉంటుంది. ఓపెన్‌జెడ్‌ఎఫ్‌ఎస్ 2.2లో పాడైన బ్లాకులను వేరే చోటి నుంచి పంపిన మంచి కాపీతో నయం చేసే కొత్త సదుపాయం వచ్చింది. అదీ ఇక్కడ అక్కరకు రాదు. చెక్‌సమ్ తప్పిన బ్లాకులనే అది వెతుకుతుంది, ఇక్కడ ఏ బ్లాకూ చెక్‌సమ్ తప్పలేదు.

మరి బ్యాకప్ జాబ్‌ను మళ్లీ రన్ చేస్తే? బుధవారం ఇంక్రిమెంటల్ అంటే మంగళవారం నుంచి మారినవి. ఆ డిస్క్ ఇమేజ్‌ను ఎవరూ ముట్టుకోకపోతే దాని వైపు ఎవరూ చూడరు. బగ్ సరిచేసిన వెర్షన్‌కు అప్‌డేట్ అయ్యాక కూడా అంతే, మారని ఫైలు జోలికి ఇంక్రిమెంటల్ పోదు. అలా ఒక రాత్రి దూరిన తప్పు ఆ తర్వాత వచ్చే ప్రతి స్నాప్‌షాట్‌లోనూ మోసుకుపోతూనే ఉంటుంది.

తిరగేసిన అద్దం: 2023

2023 అక్టోబరులో ఓపెన్‌జెడ్‌ఎఫ్‌ఎస్ 2.2.0 వచ్చింది. నవంబరులో జెంటూ లైనక్స్ వాడే ఒకరు గో భాష టూల్స్‌ను కంపైల్ చేసి ఇన్‌స్టాల్ చేస్తే, ఇన్‌స్టాల్ అయిన ఫైళ్లలో డేటా ఉండాల్సిన చోట సున్నాలు కనిపించాయి. హోల్ బర్త్‌లో సున్నాలు ఉండాల్సిన చోట పాత డేటా వచ్చింది. ఇక్కడ సరిగ్గా దానికి రివర్స్.

మొదట అనుమానం 2.2.0లో కొత్తగా వచ్చిన బ్లాక్ క్లోనింగ్ (డేటాను మళ్లీ రాయకుండా ఉన్న బ్లాకులనే పంచుకునే కాపీ పద్ధతి) మీదకు పోయింది. 2.2.1లో దాన్ని ఆపేశారు. తీరా చూస్తే ఆ ఫీచరే లేని పాత వెర్షన్లలో కూడా సమస్య పునరావృతమైంది. అసలు కారణం వేరే చోట, ఏళ్ల తరబడి పడి ఉంది. ఏదైనా ప్రోగ్రామ్ ‘ఈ ఫైల్లో డేటా ఎక్కడుంది, హోల్ ఎక్కడుంది’ అని ఫైల్ సిస్టమ్‌ను అడగొచ్చు. అప్పుడు ఫైల్లో ఇంకా డిస్కుకు ఎక్కని మార్పులు మెమరీలో ఉన్నాయా అని జెడ్‌ఎఫ్‌ఎస్ చూసుకోవాలి. ఉంటే వాటిని ముందు ఎక్కించి ఆ తర్వాత జవాబివ్వాలి. ఆ చూసుకునే చెక్‌లో రెప్పపాటు సందు ఉంది. ఆ సందులో అడిగితే మార్పులేమీ లేవని తప్పుగా తేలి, ఇక్కడ హోల్ అనే జవాబు వెళ్లిపోతుంది. కాపీ చేసే ప్రోగ్రామ్ దాన్ని నమ్మి సున్నాలు వదిలేస్తుంది. లైనక్స్‌లో మామూలు కమాండ్లు ఉండే గ్నూ కోర్‌యుటిల్స్ ప్యాకేజీ 9వ వెర్షన్ నుంచి కాపీ కమాండ్ ఇలా అడగడం మామూలైపోయింది, అందుకే ఇన్నాళ్లూ నిద్రపోయిన బగ్ బయటికి వచ్చింది. 2023 నవంబరు 30న వచ్చిన 2.2.2, 2.1.14 వెర్షన్లలో దీన్ని సరిచేశారు.

ఇక్కడ ఒక తేడా గమనించాలి. అసలు ఫైలు చెడదు, కాపీ మాత్రమే చెడుతుంది. స్నాప్‌షాట్ నుంచి చదివితే ఈ ప్రమాదం లేదు, ఎందుకంటే స్నాప్‌షాట్‌లో డిస్కుకు ఎక్కని మార్పులంటూ ఉండవు. కానీ చెడిన కాపీ ఒకసారి డిస్కు మీదకు చేరిందంటే, స్నాప్‌షాట్ దాన్నే నమ్మకంగా పట్టి ఉంచుతుంది, స్నాప్‌షాట్‌ను పంపే సెండ్ కమాండ్ దాన్నే నమ్మకంగా మోసుకెళ్తుంది. ఈ కేసులో బ్యాకప్‌ను అసలు సర్వర్‌తో పోల్చినా రెండూ సరిపోతాయి. అసలు సర్వర్‌లోనే ఆ ఫైలు తప్పు. డౌన్‌లోడ్ చేసినవైతే ప్రచురించిన హ్యాష్‌తో (ఫైలు మొత్తానికీ లెక్కకట్టిన చెక్‌సమ్ లాంటిది), ఇన్‌స్టాల్ చేసినవైతే ప్యాకేజ్ మేనేజర్ దగ్గరున్న జాబితాతో సరిచూడడమే మార్గం. సున్నాలున్న ఫైళ్లను వెతికే స్క్రిప్టులు అప్పట్లో చాలా తిరిగాయి. వాటిని జాగ్రత్తగా వాడాలి. నిజంగానే సున్నాలు ఉండాల్సిన ఫైళ్లు సిస్టమ్ నిండా ఉంటాయి.

సరిచేయడం ఎక్కడ మొదలుపెట్టాలి

బ్యాకప్ మీద అనుమానం వచ్చిన వెంటనే చేయాల్సింది రిపేరు కాదు. డిలీట్లు ఆపాలి. చాలా చోట్ల ముప్పై రోజులు దాటిన స్నాప్‌షాట్లను తీసేసే షెడ్యూల్ దానంతటదే నడుస్తుంటుంది. మీరు పరిశోధన చేస్తుండగానే అది మంచి కాపీని ఎత్తుకుపోవచ్చు. రెండు వైపులా ఆ షెడ్యూల్‌ను ఆపండి. ముఖ్యమైన స్నాప్‌షాట్ల మీద హోల్డ్ పెట్టండి. హోల్డ్ ఉన్న స్నాప్‌షాట్‌ను ఎవరైనా పొరపాటున తీయబోయినా జెడ్‌ఎఫ్‌ఎస్ ఒప్పుకోదు.

తర్వాత పంపే వైపు వెర్షన్ చూడండి. హోల్ బర్త్ బగ్ పంపే వైపుదే కాబట్టి బ్యాకప్ సర్వర్‌ను ఎంత అప్‌డేట్ చేసినా ఉపయోగం లేదు. పాత సిస్టమ్ అయితే అప్‌డేట్ అయ్యేదాకా ఇంక్రిమెంటల్ పంపడం ఆపేయడం మేలు.

ఇక పోల్చడం. దీంట్లో చాలామంది పప్పులో కాలేస్తారు. ఆర్‌సింక్‌ను మామూలుగా నడిపితే అది సైజు, తేదీ మాత్రమే చూస్తుంది. మన కేసులో ఆ రెండూ సరిగ్గానే ఉన్నాయి కాబట్టి అంతా బాగుందని చెబుతుంది. ఫైలు లోపలి డేటా మొత్తం చదివి పోల్చే చెక్‌సమ్ ఆప్షన్ ఇవ్వాలి. దాంతోపాటు ఏమీ మార్చకుండా జాబితా మాత్రమే చూపించే డ్రై రన్ ఆప్షన్ కూడా తప్పకుండా ఇవ్వాలి. లేదా రెండు వైపులా ఎస్‌హెచ్‌ఏ-256 హ్యాష్ జాబితాలు తయారుచేసి వాటిని పోల్చండి. ఏ పద్ధతైనా నడుస్తున్న ఫైళ్లతో పోల్చొద్దు. రెండు మెషీన్లలోనూ ఉన్న ఒకే స్నాప్‌షాట్‌ను ఎంచుకోండి. ప్రతి డేటాసెట్‌లోనూ (జెడ్‌ఎఫ్‌ఎస్‌లో విడిగా స్నాప్‌షాట్ తీయగల భాగం) స్నాప్‌షాట్లన్నీ కనిపించే దాగిన ఫోల్డర్ ఒకటి ఉంటుంది, అందులోంచి చదివితే మధ్యలో ఏదీ మారదు. అప్పుడు వచ్చిన ప్రతి తేడా నిజమైన తేడానే.

ఇది పెద్ద పనే. సెకనుకు 200 మెగాబైట్లు చదివే డిస్కుల పూల్ మీద 10 టెరాబైట్లు చదవాలంటే దాదాపు 14 గంటలు పడుతుంది. టైమ్ లేకపోతే ముందు వర్చువల్ మెషీన్ ఇమేజ్‌లు, డేటాబేస్ ఫైళ్లు, సగంలో ఆగి మళ్లీ సాగిన పెద్ద డౌన్‌లోడ్లు చూడండి. హోల్స్ ఎక్కువ ఉండేది అక్కడే. ఫొటోలు, పాటలు, జిప్ ఫైళ్లలో సున్నాల బ్లాకులు అరుదు. డీబగ్ టూల్‌తో ప్రతి స్నాప్‌షాట్‌లో ప్రతి ఫైలు పాయింటర్లనూ తవ్వి ఏ హోల్ తప్పిందో లెక్కకట్టడం సిద్ధాంతపరంగా సాధ్యమే. ఆచరణలో అది తలనొప్పి, నేరుగా పోల్చడమే త్వరగా తేలుతుంది.

తేడాలు కనిపించాయనుకుందాం. బ్యాకప్ వైపు స్నాప్‌షాట్‌ను తెరిచి ఆ బైట్లు దిద్దడం కుదరదు, స్నాప్‌షాట్ మారదు. కాబట్టి నిక్కచ్చి దారి ఒక్కటే: అప్‌డేట్ అయిన సెండర్‌తో, కొత్త డేటాసెట్‌లోకి, మొదటి నుంచి మొత్తం పంపడం. ఇక్కడ ఒక మెలిక ఉంది. అన్ని స్నాప్‌షాట్లనూ ఒకేసారి పంపే రెప్లికేషన్ ఆప్షన్ లోపల చేసేది కూడా ఇంక్రిమెంటలే, మొదటిది మాత్రమే పూర్తిగా వెళ్తుంది. అందుకే పాత వెర్షన్‌తో ఆ ఆప్షన్ వాడి ‘మొత్తం మళ్లీ పంపాను’ అనుకుంటే మళ్లీ అదే తప్పు కొత్త డేటాసెట్‌లోకి కూడా వెళ్తుంది. అప్‌డేట్ ముందు, పంపడం తర్వాత.

జాగా లేదని పాత బ్యాకప్‌ను ముందే చెరిపేసి మళ్లీ పంపుదామనే ఆలోచన వస్తుంది. ఆ పని చేయొద్దు. పంపుతుండగా అసలు సర్వర్ ఆగిపోతే చేతిలో ఏమీ మిగలదు. కొన్ని ముక్కలు తప్పున్న బ్యాకప్ అయినా, అసలు లేని బ్యాకప్ కంటే ఎంతో నయం. డేటాసెట్లు వేరువేరుగా ఉంటే చిన్నదాంతో మొదలుపెట్టి ఒక్కొక్కటీ పంపి, పోల్చి, సరిపోయాకే పాతదాన్ని తీయండి. ఒకే పెద్ద డేటాసెట్ అయితే ఇంకో డిస్క్ కొనడమో, కొన్నాళ్లకు అరువు తెచ్చుకోవడమో తప్పదు.

అదీ వీలుకాకపోతే సగం దారి ఒకటుంది. తేడా వచ్చిన ఫైళ్లను అసలు సర్వర్‌లో కొత్త ఫైళ్లుగా కాపీ చేసి, సరిచూసి, పాతవాటి స్థానంలో పెట్టండి. అవి కొత్త ఫైళ్లు కాబట్టి తర్వాతి ఇంక్రిమెంటల్‌లో మొత్తంగా వెళ్తాయి. అప్పటి నుంచి వచ్చే స్నాప్‌షాట్లు సరిగ్గా ఉంటాయి. పాత తేదీల స్నాప్‌షాట్లలో తప్పు అలాగే ఉంటుంది. ఈ దారి ఎంచుకుంటే ఏ తేదీకి ముందువి నమ్మకూడదో స్పష్టంగా రాసి, టీమ్‌లో అందరికీ కనిపించే చోట పెట్టాలి. రెండేళ్ల తర్వాత రిస్టోర్ చేసే మనిషికి ఈ కథ తెలిసి ఉండదు.

వర్చువలైజేషన్ వైపు కూడా ఇలాంటిదే జరిగింది. 2014లో, వర్చువల్ మెషీన్ల సాఫ్ట్‌వేర్ తయారుచేసే వీఎంవేర్ కంపెనీ తన దాంట్లో ఒక లోపాన్ని ప్రకటించింది. వర్చువల్ డిస్క్ సైజును 128 జీబీ, 256 జీబీ, 512 జీబీ లాంటి హద్దు దాటేలా పెంచితే, మారిన బ్లాకుల జాబితా తప్పుగా వచ్చేది. ఆ జాబితాను నమ్మి ఇంక్రిమెంటల్ తీసుకునే బ్యాకప్ సాఫ్ట్‌వేర్లన్నీ, ఏ కంపెనీవైనా సరే, తమ తప్పు లేకుండానే తప్పు బ్యాకప్‌లు తీశాయి. అక్కడ పరిష్కారం మారిన బ్లాకులను గుర్తుపెట్టుకునే ఆ ట్రాకింగ్‌ను ఆపి, మళ్లీ ఆన్ చేసి, ఒక ఫుల్ బ్యాకప్ తీయడం. హైదరాబాద్‌లోనో ఇంకెక్కడో సర్వర్ల పని చూసేవాళ్లు చాలామంది వారాంతంలో ఫుల్ బ్యాకప్ తీసే పాత అలవాటును ఇప్పుడు వదిలేశారు. ఎప్పటికీ ఇంక్రిమెంటలే అన్న పద్ధతి చవక, వేగం. దానికి బదులు ఇంకేదీ పెట్టుకోకపోతే మాత్రం ఒక్క రాత్రి తప్పును దిద్దే అవకాశం ఎప్పటికీ రాదు. నెలకో, మూడు నెలలకో ఒకసారి ఫుల్ తీయండి, లేదా అసలుతో పూర్తిగా పోల్చి చూడండి.

అసలు సర్వర్ పోయి ఉంటే

అన్నిటికన్నా కష్టమైన పరిస్థితి ఇది. అసలు డేటా లేదు, ఉన్నది అనుమానాస్పదమైన బ్యాకప్ ఒక్కటే. ఇక్కడ కూడా మొత్తం పోయినట్టు కాదు. ఇంక్రిమెంటల్ గొలుసులో మొదట ఫుల్‌గా పంపిన స్నాప్‌షాట్‌కు ఈ బగ్ తగలదు. ఆ తర్వాత మారని ఫైళ్లు కూడా సరిగ్గానే ఉంటాయి. కాబట్టి మొదటి స్నాప్‌షాట్‌తో పోల్చి మారని వాటిని వేరు చేస్తే చాలా భాగం తేలిపోతుంది.

మిగిలిన వాటికి ఫైల్ సిస్టమ్ సాక్ష్యం చెప్పలేదు, ఆ ఫైలు ఫార్మాటే చెప్పాలి. వర్చువల్ మెషీన్ ఇమేజ్ అయితే దాని కాపీని మౌంట్ చేసి లోపలి ఫైల్ సిస్టమ్‌ను చెక్ చేయండి. చాలాసార్లు తప్పు డేటా పడేది లోపలి సిస్టమ్ ఇంకా వాడని ఖాళీ జాగాలో, కాబట్టి మెషీన్ మామూలుగా బూట్ అవుతుంది. అలా బూట్ అయినా ఆ ఖాళీ జాగాను సున్నాలతో నింపి తుడిచాకే ఎవరికైనా అప్పగించండి, ఇతరుల డేటా అందులో ఉండొచ్చని ముందే చెప్పుకున్నాం. మైఎస్‌క్యూఎల్ డేటాబేస్‌లో డేటాను భద్రపరిచే ఇన్నోడీబీకి ప్రతి పేజీ మీదా సొంత చెక్‌సమ్ ఉంటుంది. పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌లో పేజీ చెక్‌సమ్‌లు ఆన్ చేసి ఉంటే దాని టూల్ పని చేస్తుంది. చెక్‌సమ్‌లు అన్నీ సరిపోయినా, డేటాబేస్‌ను పూర్తిగా ఒక డంప్ తీసి, ఆ డంప్‌ను ఖాళీ సర్వర్‌లో మళ్లీ ఎక్కించండి. ప్రతి వరుసనూ చదవాల్సి వస్తుంది కాబట్టి దాగిన తప్పులు కొన్ని అక్కడ బయటపడతాయి. ఇండెక్సులు కూడా ఆ ఎక్కింపులో కొత్తగా తయారవుతాయి.

ఇవన్నీ అయ్యాక కూడా కొన్ని ఫైళ్లు ఎటూ తేలకుండా మిగులుతాయి. సొంత చెక్‌సమ్ లేని పాత ఫార్మాట్లు, ఎవరో రాసుకున్న బైనరీ ఫైళ్లు. వాటిని మంచివాటితో కలపకుండా వేరే ఫోల్డర్‌లో పెట్టి, ఏ స్నాప్‌షాట్ నుంచి వచ్చాయో పక్కనే ఒక టెక్స్ట్ ఫైల్లో రాయండి. ఆ డేటా ఎవరిదో వాళ్లకు చూపించి అడగండి. ఆ ఫైలు లోపల ఏముండాలో తెలిసింది ఇక వాళ్లకే.